క్రీట్‌లో హన్యా రేవు పట్నం: అమ్మానాన్నలతో వారం రోజులు ఎలా ప్లాన్ చేయాలి?

ప్రశ్న (బెల్లందూరు నుంచి)

అందరికీ నమస్కారం. మేం బెంగళూరులో బెల్లందూరు వైపు ఉంటాం. నేను, మావారు, తొమ్మిదేళ్ళ బాబు, బందరు నుంచి వచ్చే అమ్మా నాన్నా. మొత్తం ఐదుగురం గ్రీసు వెళ్దామనుకుంటున్నాం.

నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా చిన్నప్పుడు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని బందరు కోటకీ, డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికీ తీసుకెళ్ళి ఒక్కో రాయీ చూపించేవారు. మధ్యధరా సముద్రంలో ఒక పాత రేవు చూడాలని ఆయనకి ఎన్నాళ్ళనుంచో కోరిక. క్రీట్ దీవిలో, టికెట్ల మీద చానియా అని కనిపించే హన్యా ఊరి ఫోటోలు చూసి అదే కావాలన్నారు. అదే దీవిలో ఉన్న ప్రాచీన రాజభవనం శిథిలాలు, నోసోస్, కూడా చూడాలట.

మాకు తెలిసిన ట్రావెల్ ఏజెంటు ఒక ప్లాన్ ఇచ్చాడు. ఏథెన్స్, అక్కణ్ణుంచి మికొనోస్, తర్వాత శాంతొరీని, చివర్లో క్రీట్, ఎనిమిది రోజుల్లో అన్నీ. హన్యాకి అందులో ఒక్క పూట. "అంత దూరం వెళ్ళి ఒక్క ఊళ్ళోనే కూర్చుంటారా మేడమ్" అంటున్నాడు. మావారికీ కాస్త అదే అనుమానం, బాబుకి బోర్ కొడుతుందేమోనని.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. సమంగా ఉన్న దారిలో నెమ్మదిగా ఎంతైనా నడుస్తుంది కానీ మెట్లంటే కష్టం. పైగా పూర్తి శాకాహారం, గుడ్డు కూడా తినదు. అన్నం లేకపోతే రెండో రోజుకే నీరసపడిపోతుంది. నాకు అసలు టెన్షన్ ఇదే.

బాబు సెలవులని బట్టి మేలో అయినా వెళ్ళాలి, దసరాకైనా వెళ్ళాలి. ఏది మంచిది? వారం మొత్తం హన్యాలోనే ఉంటే సరిపోతుందా? పాత ఊళ్ళో గది తీసుకోవాలా, బయటా? పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు (జయనగర్ నుంచి)

మీ నాన్నగారి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయానమ్మా. నాకూ పాత రేవులంటే ప్రాణం. మా అత్తగారినీ మామగారినీ వెంటబెట్టుకుని హన్యా వెళ్ళొచ్చాం. అందుకే పెద్దవాళ్ళ నడక, మెట్లు, మందుల వేళలు దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

ముందు ఆ ఏజెంటు ప్లాన్ పక్కన పెట్టేయండి. దీవి మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చేయాలి, ఎండలో రేవు దగ్గర పడవ కోసం నిలబడాలి, దిగాక మళ్ళీ ట్యాక్సీ వెతకాలి. రోజులో సగం దానికే పోతుంది. గాలి ఎక్కువైతే ఆ చిన్న స్పీడు పడవలు అసలు కదలవు. ఇంకో సంగతి, శాంతొరీని నుంచి క్రీట్ వచ్చే పడవలు మామూలుగా చేరేది దీవిలోని ఇంకో పెద్ద ఊరు హెరాక్లియన్‌కి. అక్కణ్ణుంచి హన్యా ఇంకా 140 కిలోమీటర్లు, బస్సులో రెండున్నర మూడు గంటలు. మ్యాపులో ఒకే దీవి కదా అని చూపిస్తారు గానీ క్రీట్ ఆ చివర నుంచి ఈ చివరకి సుమారు 260 కిలోమీటర్ల పొడుగు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని అలా తిప్పడం నాకు మనసొప్పదు.

ఒక్క ఊళ్ళో వారం ఏం చేస్తారు అన్నదానికి నా సమాధానం ఆ రేవే. మీ నాన్నగారికి ఒక్కో పొద్దున్న ఒక్కో కాలం చూపించొచ్చు. పడమటి చివర ఫిర్కాస్ కోట దగ్గర మొదలుపెట్టండి. 1913 డిసెంబరు 1న క్రీట్ గ్రీసులో కలిసినప్పుడు జెండా ఎగరేసింది ఆ కోట మీదే. లోపల నౌకా మ్యూజియం ఉంది, ఓడల నమూనాలు చూస్తూ బాబు త్వరగా బయటికి రాడు. అక్కడ నిలబడితే నీళ్ళకి అవతల లైట్‌హౌస్ ఎదురుగా కనిపిస్తుంది. ఒకప్పుడు క్రీట్‌ని ఏలిన వెనిస్ వాళ్ళు కట్టింది పాడైపోతే, 1830ల్లో క్రీట్ ఈజిప్టు ఏలుబడిలో ఉన్నప్పుడు మళ్ళీ కట్టారు. దగ్గరికెళ్ళి చూడమనండి. కింది అంతస్తు ఎనిమిది పలకలు, మధ్యది పదహారు పలకలు, పైది గుండ్రం. మా మామగారు చుట్టూ తిరిగి వేలితో లెక్కపెట్టి, సరిపోయాయన్నాకే కదిలారు.

ఒడ్డు వెంబడే తూర్పుకి వస్తే గుమ్మటాలున్న పాత మసీదు. 1645లో తురుష్కులు ఊరిని పట్టుకున్నాక కట్టింది, దానికిప్పుడు మినారు లేదు. ఇంకా ముందుకెళ్తే పెద్ద పెద్ద కమానులతో రాతి షెడ్లు వరసగా ఉంటాయి. వెనిస్ వాళ్ళు చలికాలంలో యుద్ధ పడవల్ని ఒడ్డుకి లాగి బాగుచేసుకున్న చోట్లవి. 16వ శతాబ్దం చివరికి పదిహేడు ఉండేవి, ఇప్పుడు ఆ వరసలో ఏడు, విడిగా ఒక పెద్దది మిగిలాయి. రేవు తూర్పు కొసన ఇలాంటి షెడ్డులోనే ప్రాచీన కాలంలో క్రీట్‌లో ఉన్న మినోవన్ల పద్ధతిలో కట్టిన ఓడ ఒకటి పెట్టారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సందర్భంగా దాన్ని తెడ్లతో నడుపుకుంటూ క్రీట్ నుంచి ఏథెన్స్ రేవు పిరేయస్ దాకా తీసుకెళ్ళారు. బాబుకి బోర్ అన్న మాట అక్కడితో తీరిపోతుంది.

అక్కణ్ణుంచే లైట్‌హౌస్‌కి రాతి కట్ట మీదుగా నడిచి వెళ్ళాలి. రానూపోనూ పెద్దవాళ్ళకి గంట పైనే. కట్ట మీద నీడ లేదు, రాళ్ళు ఎగుడుదిగుడు, గాలి గట్టిగా ఉన్న రోజున అల పైకి కొడుతుంది. అమ్మగారిని మాత్రం తీసుకెళ్ళకండి. ఫిర్కాస్ వైపు నుంచే లైట్‌హౌస్ అందంగా కనిపిస్తుంది, ఆవిడకి ఏ లోటూ ఉండదు.

రేవు వెనక వీధుల్లో స్ప్లాన్‌జియా అని ఒక చౌకు ఉంది. అక్కడి సెయింట్ నికొలస్ చర్చికి ఒక పక్క గంట గోపురం, ఇంకో పక్క మినారు, రెండూ ఉన్నాయి. మొదట కాథలిక్ మఠం, తర్వాత మసీదు, 1918 నుంచి ఆర్థొడాక్స్ చర్చి. ఎదురుగా పెద్ద చెట్టు, నీడలో కుర్చీలు. మా అత్తగారు అక్కడ కాఫీ పట్టుకుని కూర్చుంటే మేం వీధులన్నీ తిరిగొచ్చేవాళ్ళం. మీరూ రోజుకో చోట అమ్మగారు హాయిగా కూర్చోవడానికి ఇలాంటి జాగా చూసి పెట్టుకోండి, మిగతావాళ్ళు నిశ్చింతగా తిరగొచ్చు.

పురావస్తు మ్యూజియం పాత ఊళ్ళో ఉండేది. 2022లో హలెపా అనే పేటలో కొత్త భవనానికి మారింది. పాత గైడ్ పుస్తకాలు చూసి వెళ్తే తిరుగుడు తప్పదు, ట్యాక్సీ అతనికి హలెపా అని చెప్పండి. ఈ ఊరు కింద మినోవన్ల కాలపు పట్నం కిడోనియా ఉంది. అక్కడ తవ్వకాల్లో దొరికిన మట్టి పలకల మీది రాతలు చూస్తే నాన్నగారిని బయటికి తీసుకురావడం మీ వల్ల కాదు.

గది విషయం చాలా జాగ్రత్త. రేవు పక్కన టొపనాస్ సందుల్లో వెనిస్ కాలపు ఇళ్ళని లాడ్జీలు చేశారు. ఫోటోల్లో ముచ్చటగా ఉంటాయి. లోపల నిటారుగా చెక్క మెట్లు ఉంటాయి, లిఫ్టు ఉండేది అరుదు. కార్లు ఆ సందుల్లోకి రావు, రాళ్ళు పరిచిన దారిలో పెట్టెలు లాక్కెళ్ళాలి. నీళ్ళకి ఎదురుగా ఉన్న గదుల్లో అర్ధరాత్రి దాకా హోటళ్ళ సందడి. కాబట్టి కింది అంతస్తు గది ఉందా, మంచం దాకా ఎన్ని మెట్లు, ట్యాక్సీ ఎక్కడ ఆపుతుంది అని ముందే మెయిల్ పెట్టి అడగండి. నన్నడిగితే నేయా హోరా మేలు. రేవుకి పడమరన, నెమ్మదిగా నడిచినా పావుగంట, ఒడ్డు వెంట సమంగా ఉన్న దారి. లిఫ్టున్న మామూలు అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి, వంటిల్లు ఉంటుంది, ఎదురుగా ఇసుక బీచి. సాయంత్రాలు బాబు అక్కడే ఆడుకుంటాడు.

ఇక మేనా, దసరానా. మేలో కొండల మీద పూలుంటాయి, వెనక తెల్లకొండల శిఖరాల మీద కొంచెం మంచు మిగిలి ఉంటుంది, నెలాఖరుకి ఎనిమిది దాటాక గానీ పొద్దు కుంకదు. కానీ సముద్రం ఇంకా చల్లగా ఉంటుంది. వేసవంతా కాగిన నీళ్ళు కనుక అక్టోబరు మొదట్లో బాబు గంటలకొద్దీ మునగొచ్చు, కాకపోతే ఏడింటికే చీకటి పడుతుంది. అక్టోబరు నెలాఖరైతే వానలు మొదలవుతాయి, పడవలూ విమానాలూ తగ్గుతాయి. సెలవులు అక్టోబరు మొదటి సగంలో పడితే దసరాకే వెళ్ళండి, లేకపోతే మే. జూలై, ఆగస్టుల జోలికి పెద్దవాళ్ళతో పోవద్దు.

చివరిగా ఒకటి. ఏథెన్స్ నుంచి హన్యాకి విమానం గంటలోపే. కానీ ఒక వైపైనా పిరేయస్ నుంచి రాత్రి ఓడ ఎక్కండి. క్యాబిన్ తీసుకుంటే అందరూ పడుకుని తెల్లారేసరికి సూదా రేవులో దిగుతారు, ఊరు అక్కడికి ఏడు కిలోమీటర్లు. రేవు చూడాలని కలలు కన్న మనిషి ఆ దీవికి సముద్రం మీదుగా చేరాలి.

మళ్ళీ అడిగింది (బెల్లందూరు నుంచి)

చాలా చాలా థాంక్సండీ. మీ జవాబు నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. "ఓడే, ఓడే" అన్నారు. మావారు కూడా శాంతొరీని వదిలేద్దామన్నారు. నేయా హోరాలో అపార్ట్‌మెంట్లు చూస్తున్నాను.

ఇంకా రెండు ఉన్నాయి. అమ్మ భోజనం సంగతి, నోసోస్ ఎలా కలపాలన్నది. హన్యా నుంచి పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చా?

జవాబు (రామ్మూర్తినగర్ నుంచి)

భోజనం గురించి నేను చెబుతాను అక్కా. మాదీ శాకాహారమే, మా అమ్మతో క్రీట్ వెళ్ళాను. భయపడకండి, కూరగాయలూ పప్పులూ వాళ్ళ వంటలో చాలా ఉన్నాయి. తెలిసి అడగాలి, అంతే.

అమ్మగారికి మొదట ఫావా చెప్పండి. పసుపు రంగు పప్పుని మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు, అచ్చం మన ముద్దపప్పులా ఉంటుంది. మా అమ్మ దాంట్లో ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ కలుపుకుని తిన్నది. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర, మీద నిమ్మకాయ పిండుకోవాలి. గిగాంతెస్ అని టమాటాలో వండిన పెద్ద చిక్కుడు గింజలుంటాయి. డాకోస్ అంటే ఎండు బార్లీ రొట్టె మీద టమాటా తురుము, మెత్తటి జున్ను. రొట్టె గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్ళ పళ్ళకి కష్టం, కాసేపు టమాటా రసంలో నాననివ్వండి. హన్యాలో బురేకి అని సొరకాయ జాతి కూర, బంగాళదుంప, జున్ను పొరలుగా పెట్టి కాలుస్తారు, అది తప్పకుండా తినాల్సిందే. గుడ్డు కలిపారా అని మాత్రం ఒక మాట అడగండి.

అన్నం దగ్గర జాగ్రత్త. క్రీట్‌లో పిలాఫి అని తెల్లటి అన్నం మెనూలో కనిపిస్తుంది, ముక్క ఏదీ ఉండదు. కానీ దాన్ని వండేదే మాంసం ఉడికించిన నీళ్ళలో. అమ్మగారు చూసి ఆశపడతారు, వద్దని ముందే చెప్పండి. గెమిస్తా అంటే టమాటా, క్యాప్సికంలో బియ్యం కూరి వండినది. కొన్నిచోట్ల అందులో ఖీమా కలుపుతారు, అడిగి తీసుకోండి. చిన్న జున్ను కజ్జికాయల్లాంటి కాలిత్సూనియా మీద తరచు గుడ్డు రాస్తారు.

అక్కడ ఉపవాసాల తిండిని నిస్తీసిమో అంటారు. మాంసం, గుడ్డు, పాలు ఉండవు. ఆ మాట చెబితే హోటలు వాళ్ళకి చటుక్కున అర్థమవుతుంది. అయితే వాళ్ళ ఉపవాసంలో ఆక్టోపస్, రొయ్యలు తినొచ్చు, కాబట్టి సముద్రంలోవి కూడా వద్దని విడిగా చెప్పాలి. జున్నుల్లో చాలావాటిని దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. అది కూడా పట్టింపు అయితే పెరుగుతో సరిపెట్టుకోండి. పెరుగు గట్టిగా, కమ్మగా ఉంటుంది, పెరుగన్నానికి కాసిని నీళ్ళు కలుపుకుంటే చాలు.

అపార్ట్‌మెంట్లో వంటిల్లు ఉంటే రాత్రికి చారన్నం మీరే పెట్టుకోవచ్చు. బియ్యం అక్కడ సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది. ఇక్కణ్ణుంచి కందిపొడి, చారుపొడి, ఆవకాయ సీల్ చేయించి తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టొద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సామాన్లో తేవడం యూరప్‌లో నిషేధం, పట్టుకుంటే పారేస్తారు. అమ్మగారు సంచీలో పచ్చి కరివేపాకు దోపకుండా చూసుకోండి, అదీ కుదరదు. వేయించి పొడిలో కలిపేయండి.

భోజనం అయ్యాక అడక్కుండానే పళ్ళో, చిన్న స్వీటో, సారాలాంటి రాకీ సీసానో తెచ్చి పెడతారు. బిల్లులో పడదు, ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టే మర్యాద అది. రాకీ వద్దంటే ఏమీ అనుకోరు.

జవాబు (కోరమంగళ నుంచి)

వీసా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. గ్రీసుకి కావాల్సింది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆలస్యం చేయకండి, సీజన్లో అపాయింట్‌మెంట్లు దొరకవు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45. అప్లికేషన్లు తీసుకునే వీసా సెంటరు వాళ్ళ సర్వీసు ఛార్జీ వేరు. పన్నెండేళ్ళ లోపు కాబట్టి బాబుకి వేలిముద్రలు తీసుకోరు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అమ్మానాన్నల వయసుకి తగ్గ పాలసీ చూడండి, పాత జబ్బులకి వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి. తిరిగొచ్చే తేదీ తర్వాత పాస్‌పోర్టుకి మూడు నెలలైనా గడువు మిగిలి ఉండాలి.

అమ్మానాన్నల అడ్రస్ బందరుది కదా. వాళ్ళు మీతో పాటు బెంగళూరులోనే అప్లికేషన్ ఇవ్వొచ్చా, వేరే సెంటరుకి వెళ్ళాలా అన్నది అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే కనుక్కోండి. నాన్నగారి పెన్షన్ కాగితాలు, ఖర్చు మీరే పెడుతున్నట్టు లెటరు సిద్ధం చేసుకోండి. వీసా చేతికొచ్చేదాకా క్యాన్సిల్ చేసుకోగలిగే గదులే బుక్ చేయండి. హోటల్లో గదికి రాత్రికింత అని ప్రభుత్వ పన్ను చాలాచోట్ల అక్కడే విడిగా కట్టించుకుంటారు, బుకింగ్ మొత్తంలో కనిపించలేదని కంగారుపడొద్దు.

జవాబు (జయనగర్ నుంచి)

నోసోస్ ఒక్క రోజులో వెళ్ళిరావచ్చు, బస్సులూ ఉన్నాయి. కానీ రానూపోనూ ఐదారు గంటలు కూర్చునే ప్రయాణం, మధ్యలో ఎండలో నడక. అమ్మగారికి మర్నాడంతా పడక తప్పదు. దానికన్నా ఇలా చేయండి. వెళ్ళేటప్పుడు ఓడలో సూదాకి, హన్యాకి. ఆఖరి రెండు రాత్రులు హెరాక్లియన్‌లో పెట్టుకుని, ఏథెన్స్‌కి విమానం అక్కణ్ణుంచే ఎక్కండి. వెనక్కి వచ్చే పని ఉండదు, పెట్టెలు మార్చేది ఒక్కసారే.

హెరాక్లియన్ చూడ్డానికి హన్యా అంత ముద్దుగా ఉండదు, పెద్ద ఊరు, ట్రాఫిక్. అయినా మీ నాన్నగారికి అక్కడ రెండు గొప్ప విషయాలున్నాయి. రేవు మూతిలో కూలెస్ కోట, లోపలికి వెళ్ళి గోడల మందం చూడొచ్చు. ఈ ఊరిని తురుష్కులు 1648 నుంచి 1669 దాకా ముట్టడించారు, ఇరవయ్యొక్కేళ్ళు. రెండోది పురావస్తు మ్యూజియం. ఫైస్తోస్ మట్టి బిళ్ళ అక్కడే ఉంది, దాని మీది గుర్తుల అర్థం ఇప్పటికీ తేలలేదు. నోసోస్‌లో దొరికిన అసలు కుడ్యచిత్రాలూ ఇక్కడే ఉన్నాయి, అక్కడ గోడల మీద కనిపించేవి నకళ్ళు. నోసోస్‌లో ఎర్ర స్తంభాలు చాలావరకు ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఇవాన్స్ 1900 నుంచి తవ్వించి, ఆ తర్వాత కాంక్రీటుతో నిలబెట్టించినవి. ఏది పాతది, ఏది ఆయన కట్టించింది అని నాన్నగారు బాబుకి చూపిస్తూ నడిస్తే అంతకన్నా మంచి పాఠం ఉండదు.

నోసోస్ ఊరి నుంచి ఐదు కిలోమీటర్లు, రెండో నంబరు సిటీ బస్సు వెళ్తుంది. పొద్దున్న ఎనిమిదింటికి గేటు తీసేసరికే ఉండండి, పది దాటితే టూరిస్టు బస్సులన్నీ వచ్చేస్తాయి. నీళ్ళ సీసాలు, టోపీలు, అమ్మగారికి చేతికర్ర. పదకొండుకల్లా బయటపడి మధ్యాహ్నం మ్యూజియంలో ఏసీలో గడిపేయండి.

మీవారికి ఓపికుంటే హన్యాలో ఉన్నప్పుడు సమారియా లోయకి ఒక రోజు వదలండి. పార్కులో 13 కిలోమీటర్లు దిగుడు, అటుపైన సముద్రం దాకా ఇంకో మూడు, తిరిగి రావడానికి పడవా బస్సూ. మామూలుగా మే నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. పిల్లాడినీ పెద్దవాళ్ళనీ దానికి తీసుకెళ్ళొద్దు. కారు అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే ఇక్కడే ఆర్టీవోలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేయించుకోండి. ఎలఫొనీసి బీచికి కారుంటేనే సుఖం, కొండల్లో మలుపులు ఎక్కువ కాబట్టి బాబుకి వాంతుల మాత్ర వేసి ఎక్కించండి.

అన్నట్టు అక్కడి గడియారం వేసవిలో మనకన్నా రెండున్నర గంటలు వెనక. అమ్మానాన్నల మందులు ఏ వేళకి మార్చాలో బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి, మందుల చీటీ ఇంగ్లీషులో రాయించి చేతి సంచీలో పెట్టుకోండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, ఓడ క్యాబిన్లు ఎలా బుక్ చేయాలో చెబుతాను. ఐదుగురికి నాలుగు పడకలది ఒకటి తీసుకుంటే చాలదు, రెండు క్యాబిన్లు పక్కపక్కన అడగాలి.